కొండలో ఇనుము – ఒంటిలో ఇనుము

చోరనూరులో కాపురముంటున్న మన తెలుగువారికి ఇనుము సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. పొద్దున ఉతికి ఆరవేసిన తెల్లపంచె సాయంత్రానికి కావిపంచె అవుతుంది. గుమ్మం తుడిచిన గుడ్డ ఎరుపు, చెరువుకు దిగే వాననీరు ఎరుపు, పిల్లల అరికాళ్ళు ఎరుపు. మన సండూరు కొండల రాతిలో మేలురకం ఇనుము వున్నదని రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1890 దశకంలోనే బళ్ళారి జిల్లాను గురించిన తన గ్రంథంలో వ్రాసినాడు. 1977లో దోణిమలై గని మొదలయింది. ఆ గని నడిపే సంస్థకు ముఖ్య కార్యాలయం మన హైదరాబాదులోనే వున్నది. నా బోటి రైల్వే గుమాస్తాకు అన్నం పెట్టేది కూడా ఈ ఎర్రమన్నే. రేకు తరువాత రేకు ఖనిజం నింపుకొని పోతూంటే, తూకాలూ వ్యాగన్ నంబర్లూ వ్రాసుకోవడమే నా వృత్తి.

ఇంత ఇనుము మధ్య కూర్చుని ఇనుము చాలక మనిషి పాలిపోతాడని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. మా అక్క వల్ల నమ్మవలసి వచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో యేడు, మా అక్క రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గుండె దడ. నాలుక తెల్లగా, గోళ్ళు గరిటెల మాదిరి గుంటలు పడి వుండేవి. ఒకనాడు పెరట్లో గోడ పెళ్ళ గిల్లి నోట్లో వేసుకుంటూ నా కంటబడింది. "ఏమక్కా, చిన్నపిల్లవా, మన్ను తింటావు?" అన్నాను. "వాన పడిన మన్ను వాసనకు నోరూరుతుందిరా, ఏం చేసేది!" అని సిగ్గుపడింది. మా అమ్మ పక్కనే వుండి, "తిననీలేరా, కడుపుతో వున్నప్పుడు మేం తినలేదా? ఇది ఇనుపమన్ను, రక్తం పడుతుంది" అన్నది. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. కొండ నిండా ఇనుమే గదా!

రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరున్నర వచ్చింది. గర్భిణికి పదకొండుకు తగ్గకూడదట. ఇనుము మాత్రలు తెచ్చినాము. నేనే రోజూ పొద్దున మాత్ర చేతిలో పెట్టి, మింగడానికి కాఫీ గ్లాసు అందించేవాణ్ణి. రెండు నెలలయినా ముఖంలో రంగు రాలేదు. కాన్పునాడు ఇద్దరు మనుషులు రక్తం ఇవ్వవలసి వచ్చింది. దేవుడి దయ వల్ల తల్లీ బిడ్డా బ్రతికినారు. కాని ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నన్ను నేను వేసుకున్న ప్రశ్న మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. మన్నూ తిన్నది, మాత్రా మింగింది. ఆ ఇనుము ఎక్కడికి పోయినట్లు?

నేను మెట్రిక్యులేషన్ వరకే చదివినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. అయినా ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ దొరికిన పుస్తకాలు చదివి, తెలిసినవారిని అడిగి, తెలుసుకొన్న చరిత్రను ఈ ఉగాది సంచికలో సోదర సోదరీమణుల ముందు వుంచుతున్నాను.

రక్తం తగ్గి పాలిపోయే జబ్బును మన పూర్వులు పాండురోగమన్నారు. చరకసంహితలో ఆ రోగానికి ఒక అధ్యాయమే వున్నది. అందులో చెప్పిన మందులలో లోహచూర్ణమూ, మండూరమూ, అనగా పాత ఇనుప చిట్టెమూ, వున్నవి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో థామస్ సిడెన్‌హామ్ అనే వైద్యుడు పాలిపోయిన పడుచులకు ఇనుపరజను ద్రాక్షసారాలో నానబెట్టి తాగించేవాడు. ఇనుము బలమిస్తుందని తూర్పువారూ పడమటివారూ అనుభవం మీద గ్రహించినారే గాని, ఎందుకిస్తుందో ఎవరికీ తెలియదు.

1713లో ఫ్రాన్సులో లెమెరీ, జోఫ్రువా అనే ఇద్దరు రసాయనజ్ఞులు రక్తాన్ని కాల్చిన బూడిదలో ఇనుము వున్నదని చూపినారు. 1746 ప్రాంతాన ఇటలీలోని బొలోన్యాలో మెంఘీని అనే ఆయన ఎండిన రక్తపు పొడి మీద అయస్కాంతం పట్టి, అంటుకొన్న రేణువులను లోకానికి చూపినాడు. కొండలోని లోహమే మన నరాలలోనూ పారుతున్నదని తెలియడం ఆనాటివారికి ఎంత వింతగా వుండి వుంటుందో ఆలోచించండి! 1832లో బ్లో అనే ఫ్రెంచి వైద్యుడు ఇనుపలవణంతో మాత్రలు చేసి యిచ్చి, పాలిపోయినవారిని బాగుచేసినాడు. ఈనాడు మన ఆడవారికి యిస్తున్న మాత్రలకు ఆ బ్లో మాత్రలే పెద్దమ్మ వరస.

అయితే పండితులలో తగవు వచ్చింది. జర్మను శాస్త్రజ్ఞుడు బుంగే మొదలైనవారు, ఇలాంటి లవణాల ఇనుము ఒంటికి పట్టదు, ఆహారంలోని ఇనుమే పడుతుంది అన్నారు. 1893లో స్కాట్లండులో రాల్ఫ్ స్టాక్‌మన్ అనే వైద్యుడు పేగుతో పని లేకుండా ఇనుమును చర్మం కిందికి సూదితో ఎక్కించి రోగులకు నయం చేసి, ఆ లవణం నుంచీ శరీరం రక్తం చేసుకోగలదని నిరూపించినాడు.

ఇక్కడ మా రైల్వేకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పక తప్పదు. ఆల్ప్స్ పర్వతాల కింద సెయింట్ గోథార్డ్ రైలు సొరంగం 1872 నుంచి 1882 వరకు తొలిచినారు. తొలిచే కూలీలు ఒక్కొక్కరే పాలిపోయి, ఆయాసపడి కూలబడసాగినారు. సొరంగంలోని చెడుగాలి వల్ల అనుకొన్నారు. 1880లో పెర్రొంచితో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు వారి పేగులలో కొంకిపురుగులు గుంపులు గుంపులుగా వుండి రక్తం తాగుతున్నవని కనుగొన్నాడు. ఒక మిల్లీలీటరు రక్తం పోతే అర మిల్లీగ్రాము ఇనుము పోయినట్లే. మరి ఆ పురుగు లోపలికి ఎట్లా వచ్చింది? తడిమట్టిలో వట్టికాళ్ళతో నడిచేవారి చర్మాన్ని తొలుచుకొని వస్తుందని 1898లో కైరోలో లూస్ అనే ఆయన తెలియజేసినాడు. గనులలోనూ పొలాలలోనూ పనిచేసే మన కూలిజనం ఆ సొరంగపు కూలీల కథను మరచిపోకూడదు. చెప్పులూ మరుగుదొడ్డీ కూడా పాండురోగానికి మందులే.

ఇక అసలు మలుపు 1937లో వచ్చింది. ఇంగ్లండులో మెకాన్స్ అనే వైద్యుడూ, విడోసన్ అనే విదుషీమణీ ఒక విచిత్రం గమనించినారు. శరీరంలో ఇనుము ఎక్కువైతే మూత్రంలోనో మలంలోనో బయటకు పోవాలి గదా! ఉప్పు అట్లాగే పోతుంది. వారు మనుషుల నరంలోకే ఇనుము ఎక్కించి, ఆ తరువాత విసర్జించినదంతా కొలిచి చూచినారు. ఎక్కించిన ఇనుము దాదాపు ఏమీ బయటకు రాలేదు. అప్పుడు తేలినదేమంటే, ఇనుమును కావాలని బయటకు పంపే దారి మన శరీరంలో లేనే లేదు. లెక్క సరిచూచుకొనేదంతా లోపలికి తీసుకొనే చోటనే.

ఇది చదివినప్పుడు నాకు మా గూడ్సు ఆఫీసు కళ్ళ ముందు కనబడింది. బయటకు పోయే లైను లేని యార్డు ఒకటి వున్నదనుకోండి. లోపలికి వచ్చే ప్రతి వ్యాగనూ అక్కడే వుండిపోతుంది. అటువంటి యార్డులో స్టేషను మాస్టరు ఏం చేస్తాడు? ఔటర్ సిగ్నల్ దగ్గరనే కాపలా పెడతాడు. అవసరమైతేనే చెయ్యి దింపుతాడు. మన శరీరం చేసే పనీ ఇదే.

ఆ యార్డు లెక్క వినండి. ఎదిగిన మనిషి ఒంట్లో వున్న ఇనుమంతా కలిపి మూడు నాలుగు గ్రాములు. ఒక మేకు ఎత్తు. అందులో మూడింట రెండు పాళ్ళు రక్తకణాల హిమోగ్లోబిన్‌లోనే వుండి ప్రాణవాయువును మోస్తుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. చనిపోయిన కణాన్ని ప్లీహం మొదలైన చోట్ల వుండే కావలి కణాలు విప్పి, ఇనుమును తీసి మళ్ళీ వాడకానికి ఇస్తవి. కొత్త రక్తం తయారీకి రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అది దాదాపు అంతా ఈ పాతసామాను నుంచే వస్తుంది. చర్మం రాలడం, పేగు పొరలు రాలడం వంటి వాటి వల్ల పోయేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు; ఆహారం నుంచి తీసుకొనేదీ అంతే. ఇంత పొదుపరి గృహిణి లోకంలో మరెవరున్నారు?

మరి మోసేదెవరు, దాచేదెవరు? అదే 1937లో చెక్ శాస్త్రజ్ఞుడు లౌఫ్‌బెర్గర్ గుర్రపు ప్లీహం నుంచి ఫెర్రిటిన్ అనే పదార్థాన్ని తీసినాడు. అది శరీరపు గూడ్సు షెడ్డు. ఒక్కొక్క ఫెర్రిటిన్ గుల్లలో 4,500 ఇనుప పరమాణువుల దాకా పడతవి. రక్తద్రవంలో ఇనుమును పట్టుకొనే మరొక పదార్థానికి 1947లో స్వీడన్‌లో హోల్మ్‌బెర్గ్, లారెల్ అనేవారు ట్రాన్స్‌ఫెర్రిన్ అని పేరు పెట్టినారు. అది వ్యాగను, ఒక్కొక్క దానిలో రెండే పరమాణువులు. ఒక్క సమయాన ఈ వ్యాగన్లన్నిటి మీదా వుండే సరుకు మూడు నాలుగు మిల్లీగ్రాములే గనుక, రోజుకు అయిదారు మార్లకు తక్కువ కాకుండా నింపుకొని దించుకొని తిరుగుతూ వుండాలి. ఇనుమును ఇట్లా మూతబెట్టి మోయడానికి కారణం వున్నది. విడిగా తిరిగే ఇనుము కణాలను కాల్చినట్లు పాడుచేస్తుంది. రోగక్రిములకు కూడా అదే మేత.

1939 ప్రాంతాన అమెరికాలో హాన్, విప్పుల్ మొదలైనవారు రేడియో ధార్మిక ఇనుమును కుక్కలకు పెట్టి చూచినారు. రక్తం నిండుగా వున్న కుక్క ఆ ఇనుమును తీసుకోనే లేదు. రక్తహీనంగా వున్న కుక్క ఆత్రంగా తీసుకొన్నది. అంటే పేగుకు ఒంటి అవసరం తెలుస్తున్నది. కాని తెలియజెప్పేదెవరు? అరవై యేళ్ళు ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

2000వ సంవత్సరంలో పేగు కణం నుంచి ఇనుమును రక్తంలోకి విడిచే గేటు దొరికింది. దాని పేరు ఫెర్రోపోర్టిన్. 2000, 2001లలో కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే చిన్న పదార్థం శాస్త్రజ్ఞుల కంటబడింది. మొదట దానిని క్రిములను చంపే పదార్థమనుకొన్నారు. పారిస్‌లో హెప్సిడిన్ లేని ఎలుకలను చూస్తే, వాటి ఒంట్లో ఇనుము కుప్పలుగా పేరుకుపోయి వున్నది. 2004లో అమెరికాలో నెమెత్, గాంజ్ మొదలైనవారు గుట్టు విప్పినారు. ఇనుము చాలినంత వుంటే కాలేయం హెప్సిడిన్ పంపుతుంది. అది పోయి ఫెర్రోపోర్టిన్ గేటును పట్టుకొని కణం లోపలికి లాగి నాశనం చేయిస్తుంది. గేటు పోయిన తరువాత ఇనుము పేగు కణంలోనే చిక్కుకొని, ఆ కణం రాలినప్పుడు దానితోపాటే పోతుంది. ఇనుము తగ్గితే హెప్సిడిన్ తగ్గుతుంది, గేట్లు నిలుస్తవి. రక్తం త్వరగా కావలసినప్పుడు ఎముకమజ్జ నుంచి ఇండెంటు వంటి కబురు కాలేయానికి పోతుందని 2014లో తెలిసింది. ఆ కబురు పేరు ఎరిత్రోఫెర్రోన్.

సిగ్నల్ చెడితే ఏమవుతుంది? కొందరిలో వంశపారంపర్యంగా హెప్సిడిన్ చాలినంత రాదు. వారి కాలేయం, గుండె, క్లోమం ఇనుముతో నిండి చెడిపోతవి. అందుచేత ఇనుము మంచిదని పరీక్ష లేకుండా అందరూ మింగకూడదు. దీనికి ఎదురుగా, చాలాకాలం జ్వరమో వాపో వున్నవారిలో హెప్సిడిన్ పెరిగిపోతుంది. క్రిములకు ఇనుము అందకుండా శరీరం గోదాము తాళం వేసుకొంటుందన్నమాట. అప్పుడు షెడ్డులో సరుకున్నా రక్తానికి అందదు.

పాలిపోయినంత మాత్రాన ఇనుమే లోటని కూడా అనుకోరాదు. ఈ మాట చెప్పినప్పుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన సోదరులను స్ప్రూ అనే పేగువ్యాధి పొట్టన పెట్టుకొన్నది. ఆయనకూ అదే వచ్చి బ్రతికి బయటపడినాడు. 1923లో అమెరికా చేరి, చివరకు లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం తయారయింది. అది లేకపోయినా రక్తం సరిగా తయారుకాదు. ఈనాడు గర్భిణులకు యిచ్చే మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమూ వుంటుంది. పరదేశంలో వుండి 1948లో కన్నుమూసిన ఆ తెలుగువాడి శ్రమ ఫలితం మన ప్రతి తల్లి చేతిలోనూ వున్నది.

మన వైపున ఈ పనికి మరొక నెలవు హైదరాబాదు. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1970 దశకంలో అక్కడివారు వంట ఉప్పులోనే ఇనుము కలిపే విధానం కనుగొన్నారు; తరువాత ఇనుము, అయొడిన్ రెండూ కలిసిన ఉప్పు వచ్చింది. 1970లో కేంద్ర ప్రభుత్వం గర్భిణులకూ పిల్లలకూ మాత్రలు పంచే పథకం పెట్టింది. 2018లో రక్తహీనత లేని భారతమనే పేరున మరొకటి వచ్చింది. అయినా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 యేళ్ళ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, కర్ణాటకలో 47.8. మనం వచ్చిన చోటా అదే కథ, వుంటున్న చోటా అదే కథ.

మాత్రలున్నా ఎందుకిట్లా? ఇక్కడే మా అక్క కథకు సమాధానం వున్నది. ఆమె తిన్న ఎర్రమన్నులోని ఇనుము తుప్పు జాతికి చెందినది. కడుపులో కరగదు గనుక గేటు దాకా చేరనే చేరదు. పైగా మన్ను మంచి ఇనుమును కూడా పట్టుకొని తనతో తీసుకుపోతుంది. మన్ను తినబుద్ధి కావడమే ఇనుపలోటుకు ఒక గుర్తు, మందు కాదు. ఇక నేను అందించిన కాఫీ! టీ, కాఫీలలోని వగరు ఇనుమును కట్టివేస్తుంది. టీతో తీసుకొంటే ఇనుము పట్టడం బాగా తగ్గుతుందని దక్షిణాఫ్రికాలో చేసిన పరీక్ష 1975లోనే అచ్చయింది. ఆ సంగతి నాకు తెలియక, ఒక చేత్తో మాత్ర యిచ్చి ఇంకో చేత్తో లాక్కొన్నాను. ఒక గర్భానికి మొత్తం మీద ఒక గ్రాము ఇనుము కావాలి. మొదటి కాన్పు తరువాత అక్క షెడ్డు అప్పటికే ఖాళీ. ఇండెంటు వచ్చింది, గేటూ తెరిచే వున్నది; సరుకును నేనే దారిలో ఆపినాను.

2017లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు ఇంకొక సంగతి చెప్పినారు. ఒక మాత్ర మింగగానే హెప్సిడిన్ పెరిగి, మరునాటి దాకా గేటు సగం మూసుకొంటుంది. అందుచేత ఇనుపలోటున్న స్త్రీలకు రోజు విడిచి రోజు ఇస్తే ఒక్కొక్క మాత్ర నుంచి ఎక్కువ ఇనుము పట్టిందట. దీనిని చూచి ఎవరూ సొంతంగా మాత్రలు మానుకోవద్దని మనవి, ముఖ్యంగా గర్భిణులు. మీ వైద్యుణ్ణి అడిగి చేయండి. మాత్ర వల్ల మలం నల్లబడితే భయపడవద్దు. పట్టని ఇనుము రంగు అది. కడుపులో తిప్పితే మానివేయక ఆ సంగతి వైద్యుడికి చెప్పండి.

మన ఇళ్ళలో చేయగలిగినవి పెద్ద పనులు కావు. భోజనానికీ మాత్రకూ కాఫీ, టీలను గంటో రెండు గంటలో ఎడంగా వుంచడం. పప్పులోనో ఆకుకూరలోనో నిమ్మకాయ పిండుకోవడం, ఉసిరి తినడం. పులుపులోని సి విటమిన్ ఇనుమును కరిగించి గేటు దాకా చేరుస్తుంది. మాంసం తినేవారికి అందులోని ఇనుము మరింత సులువుగా పడుతుంది. కాళ్ళకు చెప్పులు. ఆడవారికి నెలసరి రక్తం ఎక్కువ పోతూంటే సిగ్గుపడక చూపించుకోవడం. అన్నిటికీ ముందు, ఇంట్లో అందరికీ వడ్డించి చివర మిగిలినది తినే తల్లి విస్తరి వైపు ఒకమారు చూడడం.

మా అక్క ఇప్పుడు ఆరోగ్యంగా వున్నది. ఆ కాన్పులో పుట్టిన మేనకోడలు బడికి పోతున్నది. నిరుడు ఉగాదికి వచ్చినప్పుడు పచ్చడి గిన్నె అందిస్తూ అక్క, "ఒరే, ఈసారి కాఫీ ఇవ్వవా?" అని నవ్వింది. పచ్చడిలో పచ్చి మామిడికాయ ముక్కలు మెరుస్తున్నవి. వాటిలోనూ ఆ సి విటమిన్ వున్నది. మన పెద్దలు తెలిసి వేసినారో తెలియక వేసినారో గాని, మంచిదే వేసినారు.

కొండను రోజూ రేకుల కొద్దీ దేశదేశాలకు పంపుతున్నాము. మన ఆడపడుచుల ఒంట్లో మేకంత ఇనుము నిలుపుకోలేమా? ఈ కొత్త సంవత్సరం చోరనూరులోని మన ప్రతి ఇంటిలోనూ పాలిపోయిన ముఖం లేకుండా చేయాలని కోరుతూ, అందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాను.